వణుకు తగ్గింది, బతుకు తేలికపడలేదు: పార్కిన్సన్స్‌లో జీవన నాణ్యత కొలిచిన ఒక కేస్ స్టడీ

పార్కిన్సన్స్ ఉన్న ఒకామెకు, ఆ జబ్బుకు ప్రధాన మందైన లెవోడోపా డోసు పెంచాక కుడిచేతి వణుకు తగ్గింది. నడకలో చురుకొచ్చింది. ఎండీఎస్-యూపీడీఆర్ఎస్ మూడో భాగం, అంటే డాక్టరు స్వయంగా పరీక్షించి వేసే కదలికల స్కోరు, 38 నుంచి 27కి దిగింది. "ఎలా ఉందమ్మా?" అని అడిగితే మాత్రం ఆమె "ఏముందండీ, అలాగే ఉంది" అన్నారు. పక్కనే ఉన్న భర్త వెంటనే "లేదండీ, చాలా నయం. ఇప్పుడు చక్కగా నడుస్తోంది" అని సరిదిద్దారు. ఇద్దరి మాటా నిజమే. భర్త కంటికి కనిపించేది చెప్పారు, ఆమె లోపల ఉన్నది చెప్పారు. ఆ రెండోదాన్ని అంకెల్లోకి ఎలా తేవాలి, తెచ్చాక ఎలా చదవాలి అన్నదే ఈ కేసు. ఇది బోధన కోసం కూర్చిన కేసు, ఏ ఒక్క వ్యక్తిదీ కాదు. ఇందులోని స్కోర్లు లెక్క చూపడానికి వేసుకున్నవి.

మనిషి వివరాలు

వయసు 63. జబ్బు బయటపడి 7 ఏళ్లు. కుడివైపు మొదలై రెండు వైపులా పాకింది కానీ నిలబడ్డప్పుడు తూలడం లేదు కాబట్టి, జబ్బు ఎంత ముదిరిందో చెప్పే హోయెన్-యార్ కొలమానంలో 2వ దశ. జ్ఞాపకశక్తి, ఆలోచన చూసే మోకా పరీక్షలో 30కి 27. పడుకున్నప్పుడు రక్తపోటు 132/80, లేచి నిలబడ్డ 3 నిమిషాలకు 124/78. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే లేవగానే బీపీ పడిపోతోందని లెక్క. ఇక్కడ అది లేదు.

మందులు: లెవోడోపా-కార్బిడోపా 100/25 మాత్ర ఒకటిన్నర చొప్పున రోజుకు 4 సార్లు, మెదడులో డోపమైన్‌లా పనిచేసే ప్రామిపెక్సోల్ 0.5 మి.గ్రా. 3 సార్లు. లెవోడోపా సమాన మోతాదులో, అంటే అన్ని మందుల్నీ లెవోడోపా లెక్కలోకి మార్చి చెప్పాలంటే, లెవోడోపా 600కి ప్రామిపెక్సోల్ తాలూకు 150 కలిపి రోజుకు 750 మి.గ్రా. ఈ లెక్క ఫైల్లో రాసి పెట్టుకోవాలి. ఆరు నెలల తర్వాత మార్పు మందు వల్ల వచ్చిందా, మిగతా పనుల వల్ల వచ్చిందా అని తూచేటప్పుడు అక్కరకొస్తుంది.

ఏ కొలబద్ద, ఎందుకు

ప్రధాన కొలబద్దగా పీడీక్యూ-39ని తీసుకున్నాం. ఆక్స్‌ఫర్డ్‌లో తయారై 1995లో వెలువడిన ప్రశ్నావళి ఇది. అందులోని ప్రశ్నలు పార్కిన్సన్స్ ఉన్నవాళ్లతో మాట్లాడి రాబట్టినవి. గడిచిన నెల రోజుల గురించి 39 ప్రశ్నలు, 8 విభాగాలు: కదలిక 10, రోజువారీ పనులు 6, మనసు 6, నలుగురిలో నామోషీ 4, అయినవాళ్ల ఆసరా 3, ఆలోచన-జ్ఞాపకం 4, మాట-సంభాషణ 3, ఒంటి బాధలు 3. ప్రతి జవాబుకూ 0 నుంచి 4: ఎప్పుడూ లేదు, ఎప్పుడో ఒకసారి, అప్పుడప్పుడు, తరచుగా, ఎల్లప్పుడూ. స్కోరు పెరిగితే కష్టం పెరిగినట్టు. ఏ జబ్బుకైనా వాడే ఆరోగ్య ప్రశ్నావళి ఈక్యూ-5డీలో 0 నుంచి 100 గీత మీద పెట్టే గుర్తుకు దిశ దీనికి సరిగ్గా ఎదురు, అక్కడ 100 అంటే మంచి ఆరోగ్యం. రెండూ ఒకే ఫైల్లో పెట్టేవాళ్లు ప్రతి అంకె పక్కన బాణం గుర్తు వేసుకోవడం మేలు. పని ఒత్తిడిలో తిరగేసి చదివే ప్రమాదం నిజంగానే ఉంది.

ఎనిమిది ప్రశ్నల చిన్న రూపం, పీడీక్యూ-8, ఉంది కదా అనొచ్చు. పెద్ద సమూహాన్ని కొలవడానికి అది చాలు. ఒక మనిషికి వైద్యం నిర్ణయించడానికి చాలదు, ఎందుకంటే విభాగానికి ఒక్కటే ప్రశ్న ఉంటుంది. ఆ విభాగంలో ఏ కొస నొప్పెడుతోందో తెలియదు. ఈ కేసు మలుపు తిరిగింది పీడీక్యూ-8 వేసి ఉంటే అసలు కనిపించని ప్రశ్నల దగ్గరే.

ఇంకొక మాట. ఈ ప్రశ్నావళికి లైసెన్సు ఉంది, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తరఫున ఇస్తారు. చేతికొచ్చినట్టు అనువదించి వాడితే హక్కుల సమస్య ఒకటే కాదు, కొలతా చెడుతుంది. "ఎప్పుడో ఒకసారి"కీ "అప్పుడప్పుడు"కీ మధ్య ఉన్న ఒక్క మెట్టు అనువాదంలో చెరిగిపోతే 1, 2 కలగాపులగమైపోతాయి. "తరచుగా" అన్నచోట "ఎక్కువగా" అని పెడితే ఎన్నిసార్లు అన్న ప్రశ్న ఎంత తీవ్రంగా అన్న ప్రశ్నగా మారిపోతుంది.

మొదటి ఫారం ఎందుకు పక్కన పెట్టాల్సి వచ్చింది

మొదటిసారి ఫారాన్ని రిసెప్షన్ దగ్గరే భర్త చేతికిచ్చారు. ఆమెకు రాయడం కష్టమని ఆయనే పూరించారు. ఆమె పక్కన కూర్చుని తలూపారు. పది నిమిషాల్లో పని అయిపోయింది. కదలికలో 47.5, మనసులో 33.3, నామోషీలో 18.75, మాటలో 41.7, ఆసరాలో సున్నా.

ఇందులో మూడు తప్పులున్నాయి. ఒకటి, ఇది ఆమె జీవన నాణ్యత కాదు, దాని గురించి భర్త అంచనా. రెండు, భాగస్వామి నుంచి కావలసిన ఆసరా అందుతోందా అనే 28వ ప్రశ్నకు జవాబు రాసింది ఆ భాగస్వామే. ఆయన పక్కనుండగా ఆమె రాసినా అక్కడ సున్నాయే వస్తుంది. మూడు, అప్పటికి ఆమె మందు వేసుకుని నాలుగు గంటలు దాటింది. ప్రశ్నలు నెల రోజుల గురించే అయినా, ఒళ్లు బిగుసుకుని ఉన్న గంటలో మనిషికి నెలంతా అలాగే గడిచినట్టు అనిపిస్తుంది. మందు బాగా పనిచేస్తున్న గంటలో అంతా తేలిగ్గా తోస్తుంది.

రెండు రోజుల తర్వాత మళ్లీ పెట్టాం. మందు వేసుకున్న గంటకు, విడిగా ఒక గదిలో. మందు వేసుకున్న సమయం, ఫారం మొదలుపెట్టిన సమయం రెండూ పైన రాయించాం. పెద్ద అక్షరాల ప్రతి, లావుపాటి పెన్ను, కాగితం జారకుండా క్లిప్పు బోర్డు. రాయాల్సింది ఏమీ లేదు, గడిలో గుర్తు పెట్టాలంతే. అక్షరాలు చిన్నవైపోయే జబ్బులో అదే పెద్ద వెసులుబాటు. సహాయకురాలు అదే గదిలో దూరంగా కూర్చుంది. ప్రశ్న అర్థం కాలేదంటే అదే ప్రశ్న, అవే మాటల్లో మళ్లీ చదవాలి, అంతే. "అంటే, బయటికెళ్లినప్పుడు సిగ్గేస్తుందా అని" అంటూ విడమరిచి చెప్పిన క్షణమే ప్రశ్న మారిపోతుంది. మొత్తం 25 నిమిషాలు పట్టింది. లేచే ముందు 39 గుర్తులూ లెక్కపెట్టాం. 31వది వదిలేశారు, అక్కడికక్కడే పెట్టించాం. ఇంటికెళ్లాక ఫోన్ చేసి అడిగిన జవాబు ఈ జవాబుకు సాటి రాదు.

భర్త నింపిన ఫారాన్ని పారేయలేదు. "సంరక్షకుడి అంచనా" అని పైన రాసి వేరుగా భద్రపరిచాం.

లెక్క

విభాగంలోని జవాబులు కూడి, ప్రశ్నల సంఖ్యను 4తో గుణించి వచ్చినదానితో భాగించి, 100తో గుణించాలి.

కదలిక: 13/40, 32.5
రోజువారీ పనులు: 9/24, 37.5
మనసు: 14/24, 58.3
నామోషీ: 11/16, 68.75
ఆసరా: 2/12, 16.7
ఆలోచన-జ్ఞాపకం: 7/16, 43.75
మాట: 8/12, 66.7
ఒంటి బాధలు: 7/12, 58.3

ఈ ఎనిమిది అంకెల సగటు మొత్తం సూచిక: 47.8.

ఇక్కడ చాలామంది జారే చోటు ఒకటుంది. 39 జవాబులూ కలిపి (71) దాన్ని 156తో భాగించేస్తారు. అలా చేస్తే 45.5 వస్తుంది. తేడా చిన్నదే అనిపిస్తుంది కానీ ఆ పద్ధతిలో పది ప్రశ్నలున్న కదలిక విభాగం, మూడేసి ప్రశ్నలున్న మాటనీ ఒంటి బాధల్నీ మింగేస్తుంది. ఎనిమిది విభాగాలకూ సమాన బరువు ఇవ్వాలన్నదే ఈ కొలబద్ద ఉద్దేశం. ఒకసారి ఇలా, ఆరు నెలలకు అలా లెక్కేస్తే రాని మార్పు వచ్చినట్టో, వచ్చిన మార్పు రానట్టో తేలుతుంది.

జీవిత భాగస్వామి లేనివాళ్లు 28వ ప్రశ్నను ఖాళీగా వదిలేస్తారు. దాన్ని సున్నా అనుకోకూడదు. మిగతా రెండు ప్రశ్నలు కూడి 8తో భాగిస్తే సరిపోతుంది.

అంకెల వెనక

47.8 అన్న అంకె పట్టుకుని ఏ మందూ రాయలేం. విభాగాలు చూడాలి, ఆపైన ఒక్కో ప్రశ్న చూడాలి. భర్త ఫారంలో కదలికే పెద్ద సమస్య. ఆమె ఫారంలో అన్నిటికంటే బరువైనవి నామోషీ, మాట. పరీక్షలో వణుకును, బిగుతును కొలుస్తాం గానీ, అవి తగ్గినా తగ్గకపోయినా మనిషి నలుగురిలోకి ఎందుకు వెళ్లడం లేదో ఆ పరీక్షలో ఎక్కడా లేదు.

నామోషీ విభాగంలో నాలుగు ప్రశ్నలకు 2, 4, 3, 2. ఆ 4 నలుగురిలో తినడం, తాగడం తప్పించుకుంటున్నారా అన్న ప్రశ్నకు. వణుకు వల్ల చెంచా ఒలుకుతోందేమో అనుకోవడం సహజం. కానీ రోజువారీ పనుల విభాగంలో గ్లాసు ఒలకకుండా పట్టుకోవడం అన్న ప్రశ్నకు ఆమె పెట్టింది 1. రెండు జవాబులూ పక్కపక్కన పెడితే పొసగడం లేదు. అందుకే విడిగా అడిగాం. కాసేపు ఆగి ఆమె చెప్పింది ఇది: "చెయ్యి సంగతి కాదండీ. నోట్లోంచి కారుతుంది. నాకు తెలీదు. ఎదుటివాళ్లు నా గడ్డం వంక చూస్తే అప్పుడు తెలుస్తుంది." లాలాజలం కారడం గురించి పీడీక్యూ-39లో సూటి ప్రశ్న లేదు. మలబద్ధకం, రాత్రి మూత్రానికి లేవడం, దాంపత్య జీవితం గురించీ లేవు. ఇవన్నీ ఉన్న 30 అంశాల ఎన్ఎంఎస్ఎస్‌ను, అంటే కదలికలతో సంబంధం లేని లక్షణాల కొలబద్దను, జతగా వాడటం అందుకే. అందులో తీవ్రతను (0–3) తరచుదనంతో (1–4) గుణిస్తారు, గరిష్ఠం 360.

ఒంటి బాధల్లో కండరాలు పట్టేయడానికి 4, కీళ్ల నొప్పులకు 3, వేడి-చలికి 0. తెల్లవారుజామున కుడి పాదం వేళ్లు లోపలికి ముడుచుకుపోయి, మొదటి మాత్ర పనిచేసేదాకా సడలడం లేదు. రాత్రి మందు దిగిపోవడం వల్ల వచ్చే డిస్టోనియా, అంటే కండరాలు వాటంతటవే మెలిపడి బిగుసుకోవడం, అది. పగలు పరీక్ష చేసే ఏ డాక్టరుకూ కనిపించదు. కీళ్ల నొప్పి సంగతి వేరు, ఆమెకు మోకాళ్ల అరుగుదల ఉంది. ప్రశ్నలో "పార్కిన్సన్స్ వల్ల" అని ఉంటుంది కానీ ఏ నొప్పి దేనివల్లో చెప్పడం మనిషికి సాధ్యం కాదు. దాన్ని సరిదిద్దబోకుండా, పక్కన గమనిక రాసుకున్నాం.

ఆలోచన-జ్ఞాపకంలో 43.75 చూసి మతిమరుపు మొదలైందని కంగారు పడేవాళ్లున్నారు. విడి జవాబులు చూడండి: పగలు తెలియకుండా నిద్రలోకి జారడం 3, ఏకాగ్రత 1, జ్ఞాపకం 1, పీడకలలు-భ్రమలు 2. ఏడులో అయిదు నిద్ర, కలలవే. పగటి నిద్రకు ప్రామిపెక్సోల్ బాగా తెలిసిన కారణం. మోకా పరీక్షలో 27 వచ్చిన మనిషికి ఈ విభాగం పేరు చూసి జ్ఞాపకశక్తి మాత్రలు రాస్తే అది పేరుకు చేసిన వైద్యమే అవుతుంది.

మనసు విభాగంలో కుంగుబాటు 3, ఒంటరితనం 3, భవిష్యత్తు గురించి బెంగ 3. దిగులును చూసే 15 ప్రశ్నల జీడీఎస్-15లో 8 వచ్చింది, 5 దాటితే లోతుగా చూడాలి. ఈ జబ్బులో జీవన నాణ్యతను కుంగదీసే వాటిలో డిప్రెషన్‌ది ముందు వరుస. "ఇంత జబ్బు ఉన్నాక దిగులుండదా" అని వదిలేయడం కంటే పెద్ద తప్పు ఈ వైద్యంలో లేదు. దిగులుకు మందుంది, మాట సాయం ఉంది.

నిద్రను చూసే పీడీఎస్ఎస్-2లో 60కి 28 వచ్చింది. భర్త భారాన్ని చూసే జారిట్ ప్రశ్నావళిలో 88కి 34.

ఏం చేశారు

పగటి లెవోడోపాను ముట్టుకోలేదు. కదలికల స్కోరు చూసి ఇంకొంచెం పెంచుదామనే ఆలోచన వచ్చేదే, కానీ ఆమె బాధలు అక్కడ లేవు. పడుకునే ముందు నెమ్మదిగా విడుదలయ్యే లెవోడోపా 200 మి.గ్రా. మాత్ర ఒకటి చేర్చాం (0.75తో గుణిస్తే సమాన మోతాదు 150). ప్రామిపెక్సోల్‌ను రోజుకు 1.5 నుంచి 1.125, అక్కణ్నుంచి 0.75 మి.గ్రా.కు, మెట్టుకు రెండేసి వారాల వ్యవధితో దించాం. ఒక్కసారిగా ఆపితే ఆందోళన, చెమటలు, మందు కోసం తహతహ వస్తాయి. పైగా ప్రామిపెక్సోల్‌కు దిగులు తగ్గించే గుణం కొంత ఉంది, కాబట్టి దించే నాలుగు వారాలూ మనసు మీద ఒక కన్ను వేసి ఉంచాలి. దిగులుకు సెర్ట్రలిన్ అనే మందు రోజుకు 25 మి.గ్రా.తో మొదలుపెట్టి, వారం తర్వాత 50 చేశాం. అంతకుముందు పార్కిన్సన్స్‌కే ఇచ్చే రసాజిలిన్, సెలిజిలిన్ లాంటి మందులు వాడటం లేదని నిర్ధారించుకున్నాం, వాటితో సెర్ట్రలిన్ కలిస్తే ఒంట్లో సెరటోనిన్ అనే రసాయనం మోతాదు మించే ప్రమాదం ఉంటుంది. సమాన మోతాదు కొత్త లెక్క: పగటి లెవోడోపా 600 + ప్రామిపెక్సోల్ 75 + రాత్రి మాత్ర 150, మొత్తం 825.

గొంతుకు గట్టిగా మాట్లాడే సాధన: వారానికి 4 రోజులు, రోజుకు గంట, 4 వారాలు, మొత్తం 16 సార్లు. ఈ జబ్బులో మనిషి తన గొంతు మామూలుగానే ఉందనుకుంటాడు, ఎదుటివాళ్లకు వినపడదు. అందుకే "ఇప్పుడు అరిచినట్టుంది కదా, అదే సరైన గొంతు" అని చెవికి అలవాటు చేయాలి. మాట విభాగంలో జనం తనను పట్టించుకోవడం లేదన్న ప్రశ్నకు ఆమె 3 పెట్టారు. వినపడని మాటకు జవాబు రాదు, జవాబు రాకపోతే మనిషి మాట్లాడటం మానేస్తాడు. సాధన అంతా ఆ గొలుసును తెంపడానికే.

లాలాజలానికి ముందు మింగడం అలవాటు: మాట మొదలుపెట్టే ముందు ఒకసారి, కూర్చున్నప్పుడు తల ముందుకు వాలకుండా చూసుకోవడం. చాలకపోతే లాలాజలం ఊరడం తగ్గించడానికి లాలాజల గ్రంథుల్లోకి బొటులినం ఇంజెక్షన్. వణుకుకు వాడే ట్రైహెక్సీఫెనిడిల్ అనే మందుతో నోరు ఎండుతుంది నిజమే, కానీ ఈ వయసులో మతిని మందగింపజేస్తుంది. దాని జోలికి పోలేదు.

ఆరు నెలలకు

అదే గది, మందు వేసుకున్న గంటకు, ఆమే స్వయంగా. ఇందులో ఏది మారినా పోలిక చెడుతుంది.

కదలిక 35, రోజువారీ పనులు 37.5, మనసు 33.3, నామోషీ 50, ఆసరా 25, ఆలోచన-జ్ఞాపకం 31.25, మాట 41.7, ఒంటి బాధలు 25. సూచిక 34.8. అంటే 13 పాయింట్ల తగ్గుదల. మనిషికి తెలిసేంత మెరుగుదల అనడానికి 2017లో వెలువడిన హద్దు 4.72, దిగజారింది అనడానికి 4.22. అవి సమూహాల మీద కట్టిన హద్దులు కాబట్టి ఒక్కరి విషయంలో 5 పాయింట్ల మార్పు చూసి పొంగిపోకూడదు. 13 మాత్రం ఎలా చూసినా చిన్నది కాదు. జీడీఎస్ 8 నుంచి 4కి, పీడీఎస్ఎస్-2 28 నుంచి 17కి వచ్చాయి.

డాక్టరు వేసే కదలికల స్కోరు? 27 నుంచి 26. మెరుగుదలగా లెక్కించాలంటే కనీసం 3.25 తగ్గాలి. ఆ ఒక్క కాగితమే చూసేవాళ్లకు ఈ ఆరు నెలల్లో ఏమీ జరగలేదు.

పెరిగినవి రెండు. ఆసరా 16.7 నుంచి 25, అదీ 28వ ప్రశ్న 1 నుంచి 2 అయినందుకు. భర్త మారలేదు. దిగులు తగ్గి, గొంతు తిరిగొచ్చాక, కావలసింది అడగడం మొదలుపెట్టారు, దొరకనిది ఏమిటో తెలుస్తోంది. కొలబద్ద అదే, లోపల కొలుచుకునే తీరు మారింది. ఈ విభాగంలో స్కోరు పెరిగిందని చికిత్స వికటించిందనుకోకూడదు, అలాగని కొట్టిపారేయకూడదు. ఇద్దరినీ కూర్చోబెట్టి, మాట పూర్తయ్యేదాకా ఆగడం, ఆమె బదులు తాను జవాబు చెప్పకపోవడం అనే రెండు విషయాలు భర్తకు చెప్పాం.

కదలికలో ఒక్క ప్రశ్న మారింది: బయట పడిపోతానేమో అన్న భయం, 1 నుంచి 2. ఇన్నాళ్లూ ఇంట్లోంచి కదలని మనిషి ఇప్పుడు బయటికి వెళ్తున్నారు, భయం అందుకే పెరిగి ఉండొచ్చు. అలా అనుకుని ఊరుకోలేదు. నడిపించి చూస్తే, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగేటప్పుడు కుడికాలు అర క్షణం నేలకు అతుక్కుంటోంది. తిన్నగా నడిపిస్తే అది కనిపించదు. ఒకే కాలి మీద గిర్రున తిరగకుండా, నాలుగైదు అడుగులు వేస్తూ అర్ధచంద్రాకారంలో తిరగడం ఫిజియోథెరపిస్టు నేర్పుతున్నారు. తర్వాతి ఫారం మూడు నెలలకు. అందులో ముందు చూడాల్సింది పడిపోతానేమో అన్న భయం గురించిన 9వ ప్రశ్న, ఆ వెంటనే 28వది.